మూడు జిల్లాల నెత్తురు, ఒక్క ఫోన్ నంబరు

పరిశోధనలో డేటా కలవకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ కలవకూడదు! కలిసిన నాడు దేశంలో సగం మంది శాస్త్రవేత్తలకు పని ఉండదు, పావు వంతు మందికి ప్రమోషన్ ఉండదు, మిగిలినవాళ్లకు పొద్దుపోదు.

ఈ మాట అనడానికి నువ్వెవరివయ్యా అంటారా? జనగామ కేంద్రంగా పనిచేస్తున్న సమాచార గందరగోళ పరిరక్షణ సమితికి నేను వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి. కార్యదర్శినీ నేనే. సభ్యత్వ రిజిస్టరు రెండు చోట్ల రాసుకోవడం వల్ల సభ్యులెందరో ఇంతవరకు తేలలేదు. ఒకదాంట్లో ఒకరున్నారు, ఇంకోదాంట్లో ఇద్దరున్నారు. ఆ ఇద్దరూ నేనే.

బయోఇన్ఫర్మాటిక్స్ అనే శాస్త్రం గురించి మీరు వినే ఉంటారు. మనిషి నెత్తుటి చుక్కలో ఉన్న జన్యువుల రాతనంతా కంప్యూటర్లో పోసి, ఎవరికి ఏ జబ్బు ఎందుకొచ్చిందో వెతికే విద్య అది. అట్లా వెతకడాన్ని క్వెరీ అంటారు. క్వెరీ అంటే మరేం లేదు, కంప్యూటర్‌ను ఒక ప్రశ్న అడగడం. మనం ఒకటి అడుగుతాం, అది ఇంకోటి చెబుతుంది. ప్రభుత్వాఫీసుల్లో తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకు ఈ విద్య తొందరగా పట్టుబడుతుంది.

మా షడ్డకుడు వెంకటేశ్వర్లుకు మహబూబాబాద్ జిల్లా తొర్రూరులో హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. ఆయన కూతురు వినీత హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఈ విద్యలోనే పీహెచ్‌డీ చేస్తోంది. తెలివైన పిల్ల. ఒక్కటే లోపం, ఏ పని మొదలుపెట్టినా పూర్తిచేయాలంటుంది. పరిశోధనలో ఇది ఎంత ప్రమాదకరమో నేను చెప్పనవసరం లేదు.

ఆమెకు అప్పజెప్పిన పని ఇది. సికిల్ సెల్ అని ఒక జబ్బుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తుంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, కీళ్లలో, ఎముకల్లో పాణం పోయేంత నొప్పి పుట్టిస్తాయి. ఆ జబ్బు ఎక్కడెక్కడ ఎంతమందికి ఉందో తెలుసుకోవడానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో క్యాంపులు పెట్టి నెత్తురు తీశారు. ఒక్కో జిల్లాలో ఒక్కో కాంట్రాక్టు సంస్థ. కాబట్టి మూడు ఫైళ్లు వచ్చాయి. మూడింటినీ కలిపి ఒకటి చేయాలి, అంతే! వినీత గైడ్ రాజీవ్ సారు దీనికి పదిహేను రోజుల గడువిచ్చారు. నెలాఖరుకు ఆయన ఒక కాన్ఫరెన్స్‌కు పేపర్ పంపాలి.

ఇప్పుడు ఆ ఫైళ్ల వైభవం వినండి.

జనగామ వాళ్లు మనిషిని పేరుతో గుర్తించారు. మహబూబాబాద్ వాళ్లు రేషన్ కార్డు నంబరుతో గుర్తించారు. భూపాలపల్లి వాళ్లు ఫోన్ నంబరుతో గుర్తించారు. దీన్నే వైవిధ్యం అంటారు. వైవిధ్యానికి చేతులెత్తి మొక్కే జాతి కాదా మనది?

రేషన్ కార్డు నంబరు కొట్టగానే ఇంటి పెద్ద పేరు, వయసు వాటంతటవే వచ్చి పడతాయి. నెత్తురిచ్చింది మనుమడైనా సరే, ఫైల్లో వయసు తాతదే. అందువల్ల ఆ ఫైలు ప్రకారం మహబూబాబాద్ జిల్లాలో నలభై ఏళ్లలోపు మనుషులే లేరు. అక్కడ పుట్టేవాళ్లంతా నలభై దాటాకే పుడతారు. జనగామ వాళ్లు తేదీలో రోజు ముందు రాస్తే, మిగతావాళ్లు నెల ముందు రాశారు. దాంతో పుట్టకముందే క్యాంపుకొచ్చి నెత్తురిచ్చి వెళ్లిన మహానుభావులు ఎనిమిది మంది తేలారు. ఇంత త్యాగనిరతి ఏ దేశంలోనైనా చూశారా?

ఇది మన గొప్పే అనుకునేరు, ప్రపంచమంతా ఇట్లాగే ఉంది. మార్చ్ వన్ అనే జన్యువు ఒకటుండేది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో రాయగానే మార్చి ఒకటో తేదీ అయిపోయేది. ఏళ్ల తరబడి పోరాడి, సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక, చివరికి శాస్త్రవేత్తలు ఆ జన్యువుకే పేరు మార్చారు. చూశారా! సృష్టి మొదటి నుంచీ ఉన్న జన్యువు కూడా కంప్యూటర్ ముందు తలవంచింది. మీరెంత, నేనెంత?

సరే, వినీత మొదటి క్వెరీ వేసింది. ఈ జబ్బుకు మూలం పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. జనగామ ఫైల్లో దాన్ని ఉత్త పదకొండు అంకెగా రాశారు. మహబూబాబాద్ ఫైల్లో అంకెకు ముందు క్రోమోజోమ్ అనే మాట కూడా తగిలించారు. కంప్యూటర్ దృష్టిలో అవి రెండూ వేర్వేరు పదార్థాలు. రెండు జిల్లాల జనానికి ఉమ్మడిగా ఉన్న జన్యు గుర్తులెన్ని అని అడిగితే సున్నా అంది.

వినీత తల పట్టుకుంది. రాజీవ్ సారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వేల ఏళ్లుగా ఒకదానికొకటి సంబంధం లేని రెండు జనాభాలు! పక్క పక్క జిల్లాల్లో! ఇది పెద్ద డిస్కవరీ అమ్మా!"

"కాదు సర్. మా అమ్మది జనగామ, మా నాయినది తొర్రూరు."

"అయితే?"

"నేను పుట్టిన కద సర్!"

"వ్యక్తిగత అనుభవాలు సాక్ష్యం కిందికి రావమ్మా," అన్నారు సారు శాంతంగా.

ఆ మాట అక్షరసత్యం. డేటా సరిగ్గా కలిసి ఉంటే ఇంత గొప్ప విషయం బయటపడేదా? పాడు చేసేసింది ఆ పిల్ల. సాయంత్రానికల్లా ఆ తేడా ఏదో సరిచేసి, రెండు జిల్లాల వాళ్లనూ మళ్లీ చుట్టాలను చేసింది.

ఇక భూపాలపల్లి ఫైలు. అది ఫైలు కాదు, నిధి! దాంట్లో ఒకే ఫోన్ నంబరు నలభై ఆరు సార్లు వచ్చింది. ఒక నంబరంటే ఒక మనిషే కదా అని ప్రోగ్రాం ఆ నలభై ఆరు వరుసలనూ ఒకే రోగిగా కలిపేసింది. ఆ రోగి వయసు ఎనిమిది నుంచి డెబ్భై ఒకటి దాకా ఉంది. ఆడా, మగా. ఒకేరోజు ఇద్దరు బిడ్డల తల్లి, ముగ్గురు భార్యల భర్త, పైగా నిండు గర్భిణి. రాజీవ్ సారు ఈ రోగి మీద వేరే పేపర్ రాయొచ్చేమో చూడమన్నారు.

అంతటితో ఆగిందా? జబ్బు లేకపోతే సున్నా, ఉంటే ఒకటి అని రెండు జిల్లాల వాళ్లు రాసుకున్నారు. భూపాలపల్లి వాళ్ల లెక్క వేరు. ఒకటంటే ఆరోగ్యం. రెండంటే పైకి జబ్బు లేదు గానీ నెత్తురులో దాని జాడ ఉంది. మూడంటే జబ్బే. కలిపే ప్రోగ్రాంకు తెలిసినవి సున్నా, ఒకటి మాత్రమే. కాబట్టి నిక్షేపంగా ఉన్న జనమంతా రోగులైపోయారు. రెండు, మూడు అంకెలున్న వరుసలను తప్పుల కింద లెక్కగట్టి అది చెత్తబుట్టలో పడేసింది. ఆరోగ్యవంతులకు జబ్బు, జబ్బు ఉన్నవాళ్లకు విముక్తి! ఏ దవాఖానలోనూ దొరకని వైద్యం ఇది.

వినీత ఆ చెత్తబుట్ట తెరిచింది. నేనైతే తెరిచేవాణ్ణి కాదు. రెండు అంకె ఉన్న వరుసలు కొన్ని ఉన్నాయి. మూడు అంకె మాత్రం ఒకటంటే ఒకటే ఉంది. పేరు దగ్గర కూలీ అని ఉంది. ఊరు దగ్గర మిరపతోట, కాటారం అని ఉంది. ఫోన్ దగ్గర అదే నలభై ఆరు సార్ల నంబరు. వయసు ఎనిమిది, ఆడపిల్ల. తేదీ చూస్తే ఫిబ్రవరి.

అప్పటికి అక్టోబరు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఎక్కడో ఈ జబ్బుతో ఉంది, ఎనిమిది నెలల నుంచి ఆ సంగతి ఒక ఫైలుకు తెలుసు, మనుషులెవరికీ తెలియదు. ఈ జబ్బుకు రోజూ వేసుకోవాల్సిన మందుంది. వేసుకోకపోతే ఏ జ్వరమో, ఏ చలిగాలో చాలు, పాణం మీదికి తేవడానికి. వినీతకు ఆ మూడు అంకె తప్ప ఇంకేమీ కనబడలేదు. తొమ్మిది రోజులు క్వెరీల మీద క్వెరీలు వేసింది. మిగతా రెండు ఫైళ్లలో వెతికింది. కూలీ అని కొడితే కూలీలే వచ్చారు, పిల్ల రాలేదు.

"ఒక్క వరుస గురించి ఎందుకమ్మా అంత ఇదైపోతావు? పదకొండు వేలల్లో ఒకటి. సగటు మారదు," అన్నారు రాజీవ్ సారు.

నిజమే కదా! సగటు మారనప్పుడు మనిషితో పనేముంది?

బతుకమ్మ సెలవులకు వినీత ల్యాప్‌టాప్‌తోనే తొర్రూరు చేరింది. దుకాణంలో కందిపప్పు బస్తాల పక్కన స్టూలు వేసుకుని మళ్లీ అదే పని. గిరాకీ తగ్గాక వెంకటేశ్వర్లు కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, పొద్దటిసంది గా డబ్బల మొకం వెట్టి కూసున్నవ్? అన్నం గిట్ల తినవా?"

"ఒక పిల్ల దొరుకుతలేదు నాయినా. ఎనిమిదేండ్లది. దానికి నెత్తురు జబ్బున్నది. పేరు కాడ కూలీ అని రాసిన్రు, ఊరు కాడ మిరపతోట అని రాసిన్రు. నంబర్ జూస్తే నలభై ఆరుగురికి గిదొక్కటే."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీది నుంచి దించుకుని నంబరు చూశాడు. చూసి నవ్వాడు.

"గిది రోగి నంబర్ కాదే పిచ్చిదానా! రాంజీ ట్రాలీ ఆటో నంబర్. డోర్నకల్ దిక్కు తండా వాళ్లది. ఆళ్ల తండాల చిన్న దుకాణం లేదూ, దానికి సామాను మన కాడికెల్లే పోతది. ఎవలన్న నంబర్ అడిగితే తండా మొత్తం గిదే చెప్తరు. ఫోన్ వస్తే తోల్కపోయేటోడు గాడే కదా మరి! ఎండకాలం ముంగట మిర్చి ఏరబోయినప్పుడు గూడ అందర్ని గాడే ఎక్కించుకపోయిండు."

"నాయినా, తొమ్మిది రోజులసంది దేవులాడుతున్న!"

"ఫోన్ జెయ్యరాదు?"

పాఠకులారా, జన్యువుల్లో ఆరు వందల కోట్ల అక్షరాలను జల్లెడ పట్టే విద్య నేర్చిన పిల్లకు, ఫోన్ నంబరు అనేది ఫోన్ చేయడానికి ఉంటుందన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. ఆమెను తప్పు పట్టకండి. ఆ సంస్థలో ఎవరికీ తట్టలేదు. అది వాళ్లకు నంబరు కాదు, ఐడీ.

"హలో, రాంజీ అన్నా?"

"ఆఁ, చెప్పుండ్రి మేడం. ఏడికి రావాలె?"

"రావుడు కాదన్నా. ఫిబ్రవరిల కాటారం మిర్చి తోట కాడ మీ తండోళ్లకు నెత్తురు పరీక్ష చేసిన్రు కదా. అండ్ల ఎనిమిదేండ్ల ఆడపిల్లలు ఎవలెవలున్నరే?"

"ఇద్దరున్నరు మేడం. ఒకతి నా బిడ్డ సంగీత. అది కోతి. చెట్టెక్కితే దిగదు. ఇంకొకతి తుల్సీబాయి మనుమరాలు సంధ్య. పాపం గా పిల్లకు పానం మంచిగుంటలేదు. నెలకోపారి కాళ్లు చేతులు గుంజుతున్నయని ఏడుస్తది. బడికి గూడ సక్కగ పోతలేదు. తల్లిదండ్రి ఇటుక బట్టీకి పోయిన్రు, అవ్వ కాడనే ఉంటది. ఎందుకు మేడం, ఏమన్న పరేషానా?"

"ఏం లేదన్నా, అవ్వతోటే మాట్లాడుత. రేపు వస్త," అంది వినీత. జబ్బు సంగతి ముందు ఇంట్లోవాళ్లకు చెప్పాలి గానీ డ్రైవరుకు కాదని ఆమెకు తెలుసు.

తేదీ, స్థలం, వయసు, ఆడా మగా అని నాలుగు షరతులు పెట్టిన క్వెరీకి రాంజీ నాలుగు సెకన్లలో జవాబిచ్చాడు. అడగకుండానే రోగ లక్షణాలు, కుటుంబ పరిస్థితి, ప్రయాణ సౌకర్యం కూడా జోడించాడు. మా సమితి తరఫున దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను! ట్రాలీ తోలేవాళ్లంతా ఇట్లా ఎవరేమిటో గుర్తుపెట్టుకుంటూ పోతే సర్వర్లు ఏం కావాలి? వాటికి ఏసీలు ఎందుకు?

వినీత ఫోన్‌లో సంగతి చెప్పగానే రాజీవ్ సారు కూడా ఖండించారు. "ఫోన్ చేశావా? ప్రోటోకాల్‌లో ఎక్కడుంది? ఫలితాలు కేవలం పరిశోధన కోసమమ్మా. మనం శాంపిల్స్ సేకరించాం, పేషెంట్లను కాదు."

వినీత ఫోన్ పెట్టేసి మరునాడు మహబూబాబాద్ బస్సెక్కింది. అక్కడి నుంచి రాంజీ ట్రాలీలో తండాకు చేరింది.

తుల్సీబాయి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చిన పిల్లను చూడగానే లేచి, మనుమరాలిని వెనక్కి లాక్కుంది.

"నెత్తురు గుంజెటందుకే వచ్చినవా బిడ్డా? ఇగ ఇయ్యం. ఎన్నిమాట్లు గుంజుతరు? జనగామల ఆళ్లమ్మ కాడ ఉన్నప్పుడు ఒకపారి గుంజిన్రు. గీడ తండాల ఒకపారి. గా మిర్చి తోటల ఒకపారి. ఒకసారి బిస్కెట్ పుడ ఇచ్చిన్రు, ఒకసారి అరటిపండు ఇచ్చిన్రు. మిర్చి తోటల అది గూడ ఇయ్యలే."

వినీత అక్కడే నిలబడిపోయింది. మూడుసార్లు! అంటే తను తొమ్మిది రోజులుగా వెతికిన పిల్ల మూడు ఫైళ్లలోనూ ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. జనగామ ఫైల్లో పేరుంది, వరుస చివర జబ్బు ఉందని ఉంది. మహబూబాబాద్ ఫైల్లో తుల్సీబాయి రేషన్ కార్డు కింద అరవై మూడేళ్ల మనిషిగా ఉంది, అక్కడా ఉందని ఉంది. కాటారంలో కూలీ. ముగ్గురు వేర్వేరు మనుషులుగా రాజీవ్ సారు పేపర్లో దాదాపు ఎక్కేసిన ఆ ముగ్గురూ, అవ్వ చీర కొంగు వెనక నిలబడి ఒక కన్నుతో తొంగిచూస్తున్నారు.

"నెత్తురు తీసుడు కాదవ్వా. ఏమొచ్చిందో చెప్పుదామని వచ్చిన," అంది వినీత.

తుల్సీబాయి అర్థం కానట్టు చూసింది. అట్లా చెప్పడానికి వచ్చినవాళ్లను ఆమె అంతవరకు చూడలేదు.

వినీత మెల్లగా చెప్పింది. పిల్ల నెత్తురులో జబ్బుందని, పుట్టుకతోనే వచ్చిందని, ఎవరి తప్పూ కాదని చెప్పింది. రోజూ గోలీ వేసుకోవాలని, నీళ్లు బాగా తాగించాలని, చలిలో తిప్పకూడదని, జ్వరమొస్తే ఆగకుండా పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని చెప్పింది. రేపు తనే వెంట వస్తానంది.

"అయితే గా నొప్పులు..."

"నిజంగనే వస్తయవ్వా. చాన నొస్తది."

ముసలమ్మ మనుమరాలిని దగ్గరికి తీసుకుంది. "నెత్తురు గుంజినోళ్లు ఏం జెప్పకపోతే, పిల్ల మంచిగనే ఉన్నది కావచ్చు అనుకున్న బిడ్డా. ఉంటే చెప్పకపోదురా? బడి ఎగ్గొట్టెటందుకు కథలు వడుతున్నదని... రెండు మూడుసార్లు కొట్టిన గూడ." మనుమరాలి మోకాలి మీద చెయ్యి పెట్టి నిమురుతూ ఉండిపోయింది. వినీతకు ఏడుపు ఆగలేదు.

కొంగుతో కళ్లు తుడుచుకుని తుల్సీబాయి ఒక్కటే అడిగింది. "మీకు ఎన్నడెరుకైంది బిడ్డా?"

"జనగామలనే ఎరుకైందవ్వా," అంది వినీత. "రెండేండ్లాయె."

దానికి తుల్సీబాయి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వినీత తర్వాత నాతో అంది.

బయటికి వచ్చేసరికి రాంజీ ట్రాలీ చుట్టూ తండా అంతా చేరింది. ఫలితం చెప్పడానికి ఎవరో వచ్చారన్న మాట అప్పటికే పాకిపోయింది. ఒకాయన తన చొక్కా చేతిని పైకి మడిచి మరీ నిలబడ్డాడు. "మేడం, నాది గూడ తీసిన్రు. ఏమొచ్చింది?" ఇంకొకామె చంకలో పిల్లతో ముందుకొచ్చింది. "నా కడుపుల ఉన్నప్పుడు తీసిన్రు. గిది పుట్టి పారాడుతున్నది. ఏమొచ్చిందక్కా?" రాంజీ వాళ్లను వరుసలో నిలబెట్టడం మొదలుపెట్టాడు. తన బిడ్డను కూడా చెట్టు దింపి తెచ్చాడు.

వినీత ట్రాలీ అంచు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. వీళ్లలో ఎవరికైనా, కనీసం ఒక్కరికైనా, ఇదివరకు చెప్పారేమో చూద్దామనుకుంది. ఫైళ్లను కుడివైపుకు జరుపుతూ పోయింది. మూడింటిలోనూ చిట్టచివర, స్క్రీన్ దాటి ఎవరూ పోనంత దూరంలో, ఒక కాలమ్ ఉంది. 'ఫలితం ఇంటివారికి తెలిపిన తేదీ.' ఫారం తయారు చేసినప్పుడే ఎవరో మంచి మనిషి దాన్ని పెట్టినట్టున్నారు. కలిపేటప్పుడు ప్రోగ్రాం దాన్ని పనికిరానిదిగా లెక్కగట్టి వదిలేసింది.

పాఠకులారా, సమితి అధ్యక్షుడిగా నేను ఓటమి ఒప్పుకుంటున్నాను. పేర్లు కలవని, వయసులు కలవని, తేదీలు కలవని ఆ మూడు ఫైళ్లు ఆ ఒక్క కాలమ్‌లో మాత్రం అచ్చుగుద్దినట్టు కలిశాయి. పదకొండు వేల నాలుగు వందల ఇరవై వరుసలు. ఒక్కదాంట్లోనూ తేడా లేదు. అన్నీ ఖాళీ.